వరి ఈనెడు వేళ



ఈ రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. భారత భాగవతములను గురువు లేక ఇంటనే చదువుకొన్నవాడను. కావున మన పొలములలో ఏటేట జరుగు ఒక లెక్కను గూర్చియే విన్నవించెదను.

నలోపాఖ్యానమున ఋతుపర్ణ మహారాజు దారిలో తాండ్రచెట్టును చూచి, దాని ఆకులను కాయలను క్షణములో లెక్కించి చెప్పెను. అది చదివి మనము విస్తుపోవుదుము. మన మళ్లలో అంతకు మించిన వింత కలదు. ఇక్కడ పైరే ఋతువును లెక్కించుచున్నది.

మన పాతకాలపు వానాకాలపు రకములను పెద్దలు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఆరుద్రలో నారు పోసినను, వానలు వెనుకబడి పునర్వసులో పోసినను, అవి ఈనెడు వేళ ఇంచుమించు ఒక్కటియే. ఆలస్యమైనచో దుబ్బు పలుచనగును, దిగుబడి తగ్గును. ఈనుట మాత్రము రాత్రులు పెరుగు శరత్కాలముననే. కారణమేమి? 1920లో అమెరికాలో గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు పొగాకును, సోయాచిక్కుడును పరీక్షించి, పూత పగటి నిడివిని బట్టి వచ్చునని నిరూపించిరి. మొక్క కొలుచునది నిజమునకు చీకటినని తరువాతివారు కనుగొనిరి. విశాఖపట్టణమున ఏడాదిలో మిక్కిలి పెద్ద పగటికిని, మిక్కిలి చిన్న పగటికిని భేదము సుమారు రెండు గంటలే. ఆ కొద్ది భేదమును వరి ఆకు కనిపెట్టును.

ఈ లెక్క గింజలోనే వ్రాయబడియున్నది. ఆ వ్రాతలో ఒక్కొక్క పదమును జన్యువు అందురు. 2000లో జపాను శాస్త్రజ్ఞులు హెచ్.డి.1 అను వరి జన్యువును వేరుపరచిరి. రాత్రులు పెద్దవైనపుడు అది పూతను త్వరపెట్టును. పగళ్లు పెద్దవైనపుడు అడ్డగించును. సమయము వచ్చినంతనే ఆకులో ఒక మాంసకృత్తు పుట్టి, కాడ లోపలి కొనకు చేరి, ఇక ఆకులు చాలును, వెన్ను వేయుమని తెలుపును. ఈ సంగతి 2007లో రుజువైనది.

ఇట్టి జన్యువులు మరికొన్ని కలవు. రకమును బట్టి వాని వ్రాత మారును. వ్రాత మారినచో ఈనెడు వేళయు మారును. జపాను ఉత్తరమున హొక్కైడో ద్వీపములో వేసవి పగలు పదునైదు గంటలు దాటును, చలి త్వరగా వచ్చును. అక్కడి రకములలో అడ్డగించు జన్యువులు పట్టు సడలియున్నవి. అందుచేత అవి పెద్ద పగళ్లలోనే ఈని, చలికి ముందే పండును. మన పాత రకమును అక్కడ నాటినచో, రాత్రులు పెరుగువరకు కాచుకొని చలికి చిక్కును.

1966లో ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 రాత్రి నిడివిని లక్ష్యపెట్టదు. విత్తిన దినము నుండి తన దినములను తాను లెక్కించుకొనును. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి పేరుపొందిరి. ఇట్టి రకముల వలన దాళ్వా సేద్యమునకు బలము చేకూరినది. పిమ్మట మార్టేరు నుండి 1982లో స్వర్ణ వచ్చినది. దాని కాలము సుమారు 150 దినములు. అక్కడి కాటన్‌దొర సన్నాలుకు సుమారు 120 దినములు చాలును.

ఇందులో మనకు కష్టసుఖములు ఎక్కడనున్నవి? మనది సముద్రతీరము. 2014 అక్టోబరు 12న, చిత్త కార్తెలో, హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినది. వరి పువ్వు పగటివేళ విచ్చుకొని కొద్దిసేపటికే మూసికొనును. ఆ వేళ గాలివానకు చిక్కిన వెన్ను తాలుపోవును. పూతవేళ వేడి 35 డిగ్రీలు మించినను గింజ కట్టుట తగ్గును. ఊరంతయు ఒకే రకమును ఒకేసారి నాటినచో ఊరంతయు ఒకే వారము ఈనును; ఒక్క తుపానుకే గాదెలన్నియు వట్టిపోవును. కొన్ని మళ్లు ముందు, కొన్ని వెనుక ఈనినచో కొంతయైనను దక్కును. ఒకే గ్రంథమునకు వేయి ప్రతులు కొనిపెట్టి దానిని గ్రంథాలయమందుమా?

మరియొక సంగతి. నగరము, ఓడరేవు, ఉక్కు కర్మాగారము పెరిగినకొలది దీపముల వెలుగు పొలముల దాక వచ్చుచున్నది. రాత్రిని కొలుచు వరికి ప్రబలమైన దీపకాంతి పగలువలె తోచి, పూత ఆలస్యమగును. రహదారి ప్రక్క మడి గలవారు దీపము క్రింది పైరును, దూరపు పైరును పోల్చి చూడవచ్చును.

అంతర్జాతీయ సంస్థ లక్షకు పైగా వరి నమూనాలను శీతల గదులలో దాచియుంచినది. 2001లో చేసిన చట్టము తాము కాపాడిన రకమును నమోదు చేయించుకొను హక్కును మన రైతులకు ఇచ్చినది. అయితే ఆ రకము ఎప్పుడు ఈనునో, ఏ పల్లమునకు తగునో తెలిసినవారు మన పెద్దలే. వారితోపాటు ఆ తెలివియు పోవుచున్నది. అడంగలులో పంట పేరు, విస్తీర్ణము ఉండును గాని, ఈనిన తేదీకి గడి లేదు.

కావున నా మనవి యొక్కటే. ఈ గ్రంథాలయమున ఒక లెక్కపుస్తకము తెరువుడు. రకము పేరు, నారు పోసిన తేదీ, నాటిన తేదీ, మడిలో సగము వెన్నులు బయటపడిన తేదీ, కోసిన తేదీ, తాలు ఎంత అను ఆరు గడులు చాలును. మెట్టన చోడి, గంటి వేయువారును వ్రాయించవలెను. చదువురాని రైతు నోటితో చెప్పినచో వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను. పదేండ్లు నిండిన పిమ్మట ఆ పుస్తకమును 1913 నుండి పనిచేయుచున్న అనకాపల్లి పరిశోధన స్థానమునకు కొనిపోయి చూపుదము. మన నేలకు, మన గాలివానలకు ఏ గింజ తగునో నిర్ణయించుటకు అది వారికిని మనకును ఆధారమగును.

ఈ పాతికేండ్లు ఊరివారు ఇతరులు వ్రాసిన గ్రంథములను ఇచ్చట చదివిరి. ఇకమీదట ఊరివారు వ్రాసిన గ్రంథము ఒక్కటియైనను ఈ బీరువాలో నుండవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.