రైలుపెట్టెలో చిత్రకారుల శరద్యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



చిత్రకారుడనగా గదిలో తలుపులు మూసికొని బొమ్మలు వ్రాయువాడని పలువురు తలంతురు. గది విడిచి అడవికేగి, కొండ యెదుటనే కూర్చుండి కొండను చిత్రించిన వారును గలరు. కెనడా దేశపు చిత్రకారులు కొందరు 1918లోను, 1919లోను ఆల్గోమా యను అరణ్య ప్రాంతమునకు గావించిన యాత్రలు ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనములు. అవి కేవలము వినోదయాత్రలు కావు. దుఃఖముచేతను, వ్యాధిచేతను కృశించిన మనుష్యులు మరల కుంచె పట్టగలమా లేదా యని తమ్ము తాము పరీక్షించుకొన్న యాత్రలవి.

అంతకు నాలుగేండ్ల పూర్వము, 1914 శరత్కాలమున, టామ్ థామ్సన్, ఏ. వై. జాక్సన్, ఆర్థర్ లిస్మర్, ఫ్రెడరిక్ వార్లీ అను మిత్రులు ఆల్గోన్క్విన్ వనమున కలసి చిత్రములు వ్రాసిరి. అప్పటికే ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమై యుండెను. పిదప ఆ బృందము చెదరిపోయెను. జాక్సన్ సైన్యమున చేరి 1916లో గాయపడెను. థామ్సన్ 1917 జూలైలో ఒక సరస్సున ప్రాణములు కోల్పోయెను. వారి మిత్రుడగు లారెన్ హారిస్ సోదరుడు 1918 ఫిబ్రవరిలో యుద్ధమున హతుడయ్యెను. హారిస్ మనస్సు క్రుంగి, సైనికోద్యోగము నుండి విముక్తుడయ్యెను. అందరిలో పెద్దవాడైన జె. ఇ. హెచ్. మక్డోనాల్డ్ 1917 చివర తీవ్రముగా జబ్బుపడెను.

ఈ హారిస్ సంపన్న కుటుంబమునకు చెందినవాడు. వ్యవసాయ యంత్రములు చేయు మాసే హారిస్ సంస్థ భాగస్వాములలో అతని కుటుంబమువారును ఉండిరి. ఆ సంస్థయే 1953లో ఫెర్గూసన్ సంస్థతో కలసినది. మాసే ఫెర్గూసన్ ట్రాక్టరు పేరు వినని రైతు మన ప్రాంతమున అరుదు. హారిస్ తన ధనమును మిత్రుల కళకొరకు కూడ వినియోగించెను.

1918 సెప్టెంబరులో హారిస్, మక్డోనాల్డ్, ఫ్రాంక్ జాన్‌స్టన్ అను ముగ్గురు చిత్రకారులును, వారిని పోషించిన మకల్లమ్ అను కంటి వైద్యుడును ఆల్గోమాకు బయలుదేరిరి. సూ సెయింట్ మేరీ పట్టణమునుండి ఉత్తరమునకు పోవు రైలుమార్గము 1914లో పూర్తియై యుండెను. ఆ మార్గముననే ఒక గూడ్సు పెట్టె వారికి నివాసమయ్యెను. దానికి కిటికీలు పెట్టించి, లోపల పడకలు, పొయ్యి, దీపములు, నీళ్ల తొట్టి అమర్చిరి. రైలు ఆ పెట్టెను తెచ్చి ప్రక్కదారిపై విడిచి పోవును. అచ్చట పని ముగిసినపిమ్మట మరియొక రైలు దానిని తగిలించుకొని వేరొక తావునకు చేర్చును. పట్టాలపై చేతితో నడుపు ట్రాలీ యొకటి, నీటిపై పోవుటకు చిన్న పడవ యొకటి వారి వాహనములు.

మన శరత్తనగా నిర్మలాకాశము, రెల్లుపూలు, పండు వెన్నెల. ఆ దేశపు శరత్తు వేరు. చలి సమీపింపగానే ఆకులలోని పత్రహరితము నశించును. అంతవరకు దాని మరుగున నున్న పసుపు వన్నె అప్పుడు బయటపడును. మేపుల్ జాతి చెట్లలో ఆకున నిలిచిన చక్కెరనుండి క్రొత్తగా ఎఱ్ఱని వర్ణద్రవ్యము పుట్టును. కొండలన్నియు నిప్పంటుకొన్నట్లు కనబడును. అయితే ఈ శోభ కొలది వారములు మాత్రమే యుండును. గాలివాన యొకటి వచ్చెనా, కొమ్మలు మోడులగును. కావున చిత్రకారునకు జాగుచేయ వీలులేదు.

అందుచేత వారు పెద్ద బట్టలు మోసికొని పోలేదు. సుమారు ఎనిమిదిన్నర అంగుళముల ఎత్తు, పదిన్నర అంగుళముల వెడల్పు గల కొయ్య పలకలపై తైలవర్ణములతో వేగముగా వ్రాసిరి. తైలవర్ణము వెంటనే ఆరదు. తడి పలకలు ఒకదాని కొకటి తగులకుండ నిలుపుటకు వారి పెట్టెలలో గాడులుండెను. ఆ పెట్టెయే ఒడిలో బల్లగా ఉపయోగపడెను.

1919 శరత్తున జాక్సన్ యుద్ధరంగమునుండి తిరిగివచ్చి వారితో కలసెను. పగలు ఎవరి దారిన వారు పోయి చిత్రించిరి. రాత్రులు పొయ్యి చుట్టు చేరి వాదములు సాగించిరి. ఆ వాదములలో ప్లేటో మొదలు దివ్యజ్ఞాన తత్త్వము వరకు రాని విషయము లేదు. ఆ దివ్యజ్ఞాన సమాజపు ప్రధాన స్థానము మన చెన్నై నగరములోని అడయారుననే గలదు. ఒకే జలపాతమును, ఒకే కొండను చూచినను ఒకని చిత్రము మరియొకని చిత్రమువలె నుండలేదు. ఒకని కన్ను రెండవవానికి అరువు రాదు. కాని ప్రక్కన మిత్రుడు శ్రద్ధగా చూచుచున్నప్పుడు తన చూపు కూడ పదునెక్కును.

పలకలపై వ్రాసిన దానిని బట్టి శీతకాలమున టొరంటోలో పెద్ద చిత్రములు సిద్ధమయ్యెను. జబ్బునుండి లేచిన మక్డోనాల్డ్ మాంట్రియల్ నదీలోయను చిత్రించిన ‘ది సోలెమ్ ల్యాండ్’ 1921లో పూర్తియయ్యెను. ఆ గంభీర చిత్రము ఒట్టావాలోని జాతీయ చిత్రశాలలో నున్నది. 1920 మే మాసమున హారిస్, మక్డోనాల్డ్, జాన్‌స్టన్, జాక్సన్, లిస్మర్, వార్లీ, కార్మైకేల్ అను నేడుగురు ‘సప్తబృందము’గా తమ ప్రథమ ప్రదర్శనము నడపిరి. నాడు అమ్ముడైన చిత్రములు బహు స్వల్పము. విమర్శకులలో కొందరు పరిహసించిరి. కాలక్రమమున ఆ చిత్రములే ఆ జాతికి గర్వకారణములైనవి.

ఒక లోపమును చెప్పకుండుట న్యాయము కాదు. ఆ చిత్రములలో అరణ్యము నిర్జనముగా కనబడును. నిజమునకు అది తరతరములుగా ఒజిబ్వే జాతివారి నివాసభూమి. ఎంతటి చిత్రకారునికైనను చూపున కొంత మరుగు పడుట కలదనుటకు ఇది నిదర్శనము.

సొంత నేలలో అందము లేదనుకొని పరదేశపు చిత్రములనే అనుకరించు వారికి ఈ యాత్ర చక్కని సమాధానము. ఊరిచివరి చెఱువుగట్టునైనను, పంటకోతకు వచ్చిన చేనునైనను నిలకడగా చూడనేర్చిన బాలునకు చిత్రవిద్య సగము వచ్చినట్లే. గ్రంథాలయము చేయు పనియు నట్టిదే. ఒకే గ్రంథమును పదుగురు చదివి, సాయంకాలము అరుగుపై వాదించుకొన్నచో, ఒక్కొక్కని చూపు మరియొకనివలన పదునెక్కును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున అది జరుగుచున్నది. మున్ముందును జరుగుగాక!