ఒకసారి మళ్ళీ కూడండి టీచర్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా అదే మాట్లాడుతున్నాను. ఈసారి నా థైరాయిడ్ జబ్బు గురించి మాట్లాడతానని కార్యదర్శి గారిని బతిమాలుకున్నాను. దానికి కారణం ఉంది. సొసైటీ మందుల సాయం తీసుకుంటున్న ఆడవాళ్ళలో థైరాయిడ్ బిళ్ళలు వాడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకామె ఈ మధ్య నాతో, "ఆపా, డాక్టరు చెప్పింది నాకు నచ్చలేదు. బిళ్ళలు తీసుకెళ్తున్నాను గానీ మింగడం లేదు" అంది. ఆమెను కోప్పడలేకపోయాను. ఒకప్పుడు నేను చేసిందీ అదే.

నాకు నలభై ఆరో ఏట ఒళ్ళు బరువెక్కింది. గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలోనూ దుప్పటి కావాల్సి వచ్చేది. ఇంట్లో వాళ్ళు వయసు అన్నారు, నేనూ వయసే అనుకున్నాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 18 వచ్చింది.

ఆ అంకె ఏమిటో మా పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. మెడలోని థైరాయిడ్ గ్రంథి ఒక టీచరు అనుకోండి. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి హెడ్మాస్టరు. టీఎస్‌హెచ్ అంటే హెడ్మాస్టరు పంపే మెమో. టీచరు పని సరిగ్గా చేస్తుంటే మెమోలు తక్కువగా ఉంటాయి. పని తగ్గితే మెమోలు పెరుగుతాయి. అందుకే ఈ జబ్బులో గ్రంథి నీరసించేకొద్దీ టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. సాధారణంగా నాలుగు, నాలుగున్నర లోపు ఉండాలి. నాది 18.

డాక్టరు గారు 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ బిళ్ళ రాశారు. అంకె తగ్గింది గానీ చాలినంత తగ్గలేదు. 75 చేశారు, తర్వాత 100 చేశారు. అయినా 11 దగ్గర ఆగింది. "బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగారు. వేసుకుంటున్నానన్నాను. "అయితే 125 చేద్దాం" అని చీటీ రాసేశారు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. నాకు దొరికింది మూడు నిమిషాలు.

పెంచుకుంటూ పోవడం నాకు నచ్చలేదు. ఇలా పెంచితే గుండె దడ వస్తుందని ఎవరో అన్న మాట మనసులో ఉంది. ఆ మాట ఆయనతో అన్నానా? అనలేదు. "సరే డాక్టరు గారూ" అన్నాను. ఇంటికొచ్చి 125 కొనలేదు సరికదా, ఉన్న 100 కూడా ఒకరోజు వేసుకుని రెండు రోజులు మానేశాను. నోటితో సరేనని, ఇంట్లో కాదన్నాను. మూడు నెలలు అలా గడిచింది.

ఆ మూడు నెలల్లో పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్దాను. ముఖం ఉబ్బి, తల మొద్దుబారి, రెండు అంకెలు కూడాలంటే వేళ్ళు చూసుకునే స్థితి. పేపర్లు పంచిన రోజు ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. తరగతిలో గట్టిగా మాట్లాడని పిల్ల. తన పేపరు నా ముందు పెట్టి, "టీచర్, నాకు 28 వేశారు. నేను కూడితే 38 వస్తోంది. ఒకసారి మళ్ళీ కూడండి టీచర్" అంది. కూడాను. 38 వచ్చింది. పాసైన పిల్లను ఫెయిల్ చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు చేసినందుకే కాదు. పదిహేనేళ్ళ పిల్లకు తెలిసిన పద్ధతి నాకు తెలియలేదే అని. ఆ పిల్ల నాతో పోట్లాడలేదు. నా మీద ఎవరికీ చెప్పుకోలేదు. పేపరు చింపి ఇంటికి పోలేదు. కాగితం తీసుకొచ్చి, అందులో ఉన్నది చూపించి, మళ్ళీ కూడమంది.

మర్నాటి నుంచి నేనూ ఒక కాగితం రాయడం మొదలుపెట్టాను. వారం పాటు ఎన్నింటికి లేచాను, బిళ్ళ ఎన్నింటికి, చాయ్ ఎన్నింటికి, ఇంకే మందులు వేసుకున్నాను, ఏ రోజు మానేశాను, అన్నీ రాశాను. మానేసిన మూడు నెలల సంగతీ దాచలేదు. అది పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. "డోసు పెంచడం నాకు సమ్మతంగా లేదు డాక్టరు గారూ. ముందు ఇది ఒక్కసారి చూడండి" అన్నాను. ఆ మాట అనడానికి నా చేతులు వణికాయి.

ఆయన చదివి తలెత్తారు. "ఈ కాల్షియం బిళ్ళ ఎవరు రాశారు?" అన్నారు. మోకాళ్ళ నొప్పులకు వేరే డాక్టరు రాశారు. మరిచిపోకుండా ఉంటుందని తెల్లవారుజామున రెండు బిళ్ళలూ కలిపి మింగి, పది నిమిషాలకు పాల చాయ్ తాగేదాన్ని. కాల్షియం, ఐరన్ బిళ్ళలు థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. చాయ్, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగి తీసుకోవాలి. "ఇది నేను అడగలేదు, మీరూ చెప్పలేదు" అన్నారాయన. 125 కొట్టేశారు. 100 అలాగే ఉంచి, మానకుండా వేసుకోమని, కాల్షియాన్ని మధ్యాహ్న భోజనానికి మార్చారు. థైరాక్సిన్ ఒంట్లో నిలకడగా కుదురుకోవడానికి ఆరు వారాలు పడుతుంది కనుక ఎనిమిదో వారంలో పరీక్షకు రమ్మన్నారు. ఆ పరీక్షలో 3.2 వచ్చింది.

ఈ కథ ఇక్కడితో ఆపితే టీచరు గెలిచింది, డాక్టరు ఓడారు అనుకుంటారు. అలా అనుకోవద్దు. అంకె బాగుపడిన ఆరు నెలలకు, "తగ్గిపోయింది కదా, బిళ్ళ మానేస్తాను" అన్నాను. ఈసారి ఆయన ఒప్పుకోలేదు. "మీ అంకె బాగున్నది బిళ్ళ వల్ల. బిళ్ళ తీసేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది" అన్నారు. నేను వాదించాను. కానీ ఆయన ముందే వాదించాను. ఆయన చెప్పింది విన్నాక ఓడిపోయాను, ఓడినందుకు సంతోషించాను. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఈ జబ్బున్న ఒక స్త్రీకి ఇచ్చారు. ఆమె ఆ మందు మీదే మరో ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. గ్రంథి చేయలేని పనిని మందు చేస్తోంది. కళ్ళజోడు పెట్టుకోవడంలో లేని చిన్నతనం ఇందులో ఎందుకు?

మూడోసారి రంజాన్ ముందు వచ్చింది. ఆయన, "ఉపవాసాలు వద్దు, బిళ్ళ తప్పుతుంది" అన్నారు. "ఉపవాసం వదలను, బిళ్ళా వదలను. వేళ మార్చడానికి కుదురుతుందా?" అని అడిగాను. కుదిరింది. ఇఫ్తార్ భోజనం అయిన మూడు, నాలుగు గంటలకు, తరావీహ్ తర్వాత, పడుకోబోయే ముందు మంచినీళ్ళతో వేసుకోవడం నాకు సరిపడింది. సహరీకి అరగంట, గంట ముందు లేచి వేసుకునేవాళ్ళూ ఉన్నారు. మనలో చాలామంది రంజాన్ నెల అంతా బిళ్ళ ఆపేసి, పండగయ్యాక మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. ఇది నాకు కుదిరిన ఏర్పాటు. షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు తమ డాక్టరును అడగాలి.

గర్భిణుల మాట వచ్చింది కనుక ఒకటి చెబుతాను. కడుపులో బిడ్డకు మంచిది కాదని అత్తగారు అంటే మా బంధువుల అమ్మాయి థైరాయిడ్ బిళ్ళ మానేసింది. నిజం దానికి సరిగ్గా ఎదురు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి ఒంట్లోని థైరాక్సినే ఆధారం. గర్భం వచ్చినప్పుడు చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. ఆ అమ్మాయిని రెండు వారాల్లోపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళగలిగాం. అడగకుండా మానేయడం ఎంత దూరం పోతుందో ఆ రోజు చూశాను.

దాతలైన పెద్దలకు నా విన్నపం మూడు మాటల్లో ముగిస్తాను. మీరు బిళ్ళలకు డబ్బు ఇస్తున్నారు, అల్లాహ్ మీకు మేలు చేయాలి. బిళ్ళతో పాటు టీఎస్‌హెచ్ పరీక్షకు కూడా ఇవ్వండి. పరీక్ష లేని బిళ్ళ, పేపరు దిద్దకుండా వేసిన మార్కు లాంటిది. రెండోది, సాయం తీసుకునే ప్రతి ఒక్కరికీ ఒక చిన్న నోటుపుస్తకం ఇద్దాం. బిళ్ళ వేళ, చాయ్ వేళ, మిగతా మందులు, అడగాల్సిన ప్రశ్నలు అందులో రాసుకుంటారు. జుట్టుకు వాడే బయోటిన్ బిళ్ళలుంటే అవీ రాయాలి. అవి థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేయగలవు. మూడోది, రాయడం రానివాళ్ళతో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి చదువుకున్న మన ఆడపిల్లలను పంపుదాం. ఆ పని నేను చూసుకుంటాను. నోటుపుస్తకాల ఖర్చు మీరు చూడండి.

మానేశానని చెప్పిన ఆమెతో వచ్చే శనివారం నేనే వెళ్తున్నాను. ఆమెకు డాక్టరు చెప్పింది ఎందుకు నచ్చలేదో కాగితం మీద రాసుకున్నాం. ఆమె చెప్పింది సరైనది కావచ్చు, డాక్టరు గారు చెప్పింది సరైనది కావచ్చు. ఆ సంగతి ఆమె వంటింట్లో కాదు, ఆయన బల్ల ముందు తేలాలి.

ఆ 38 మార్కుల అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నోటుపుస్తకాల పని కోసం నేను మొదట అడగబోయేది ఆ పిల్లనే.