గడువు తీరిన పేరు: పాత యజమాని తిరిగి అడిగితే ఏం చేయాలి?

(స్వర్ణోత్సవాల రెండో రోజు, సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "చట్టం ఏం చెబుతుందో చెప్పు, తిట్టుకోకుండా తేల్చుకుందాం" అన్నారు. నేను వకీలును కాను. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా వెబ్‌సైట్లు తయారుచేసే పని చేస్తున్నాను. ఇలాంటి తగవులు నా దగ్గరకు తరచూ వస్తుంటాయి కాబట్టి తెలిసినంత చెబుతాను.

వాట్సాప్ గ్రూపులో లేని మాస్టార్ల కోసం ముందు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మన ఊరి పేరూ బడి పేరూ కలిపి, చివర డాట్ ఆర్గ్ ఉన్న ఒక వెబ్ చిరునామా ఉంది. అమెరికాలో ఉంటున్న మన సీనియర్ అన్నగారు ఒకరు పన్నెండేళ్లు సొంత డబ్బుతో దాన్ని నడిపారు. పాత గ్రూపు ఫోటోలు, రిటైరైన మాస్టార్ల వివరాలు, పేద పిల్లల ఫీజుల కోసం ఒక పేజీ అందులో ఉండేవి. తర్వాత గడువు తీరింది, రెన్యువల్ జరగలేదు, సైటు ఆగిపోయింది. స్వర్ణోత్సవాల కోసం మన కమిటీ పేరు వెతుకుతుంటే అదే ఖాళీగా దొరికింది. రుసుము కట్టి తీసుకున్నారు, ఆహ్వానపత్రాల మీద అచ్చు వేయించారు. ఇప్పుడు అన్నగారి నుంచి ఉత్తరం వచ్చింది. "అది నాది. గడువు తీరిన మర్నాడే కాజేశారు. వారంలో తిరిగి ఇవ్వకపోతే కోర్టుకు వెళ్తాను" అని రాశారు. ఆయన పేరు ఈ సంచికలో వేయవద్దని సంపాదకులను కోరాను.

మనలో కొందరు "పెద్దాయన అడిగారు, ఇచ్చేద్దాం" అంటున్నారు. కొందరు "డబ్బు కట్టాం, రసీదు ఉంది, మనదే" అంటున్నారు. ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే అని నా అభిప్రాయం.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. వెబ్ చిరునామాను ఎవరూ కొనుక్కోలేరు. అది కౌలు లాంటిది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివి ఒకసారికి గరిష్ఠంగా 10 ఏళ్ల వరకు రిజిస్టర్ చేసుకోవచ్చు. గడువు ముగిసేలోగా మళ్లీ కట్టాలి. కట్టకపోతే కౌలు తీరినట్టే.

అయితే తీరిన మర్నాడే పేరు వీధిన పడదు. ఈ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ దీనికి నియమాలు పెట్టింది. 2013 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, పేరు అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్, గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయాలి. గడువు తీరాక అయిదు రోజుల్లోపు ఇంకోసారి చెప్పాలి. ఆ తర్వాత రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలుగా రెన్యువల్ చేసుకునే వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే ఇంకో 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. ఆఖరి 5 రోజులు మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. అప్పుడు పేరు విడుదలై, ముందు వచ్చినవాళ్లకు దక్కుతుంది. కొన్ని రిజిస్ట్రార్లు అంతదాకా ఆగకుండా మధ్యలోనే వేలం వేస్తాయి.

మనం తీసుకున్నది ఇవన్నీ దాటి, విడుదలయ్యాకే. కాబట్టి "మర్నాడే కాజేశారు" అన్న మాట నిలవదు. అలాగని ఆయన అబద్ధం చెబుతున్నారని నేను అనను. హెచ్చరికలన్నీ ఆయన ఎప్పుడో మానేసిన పాత కంపెనీ ఈమెయిలుకు వెళ్లాయట. ఆయన దృష్టిలో నిన్నటి దాకా ఉన్న ఇల్లు ఇవాళ వేరేవాళ్ల పేరు మీద ఉంది.

ఇక "రసీదు ఉంది, మనదే" అనే వాళ్లకు ఒక మాట. వెబ్ చిరునామా గడువు తీరితే, ఆ పేరు మీద సంపాదించుకున్న మంచిపేరు కూడా దానితోపాటు తీరిపోదు. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వాళ్ల అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే. ఆ రెండు మాటల్లోని అక్షరాలు కలిపి 'సిఫీ' అనే పేరు కట్టుకుని, 1999లో వెబ్ చిరునామాలు తీసుకుంది. తర్వాత సిఫీనెట్ సొల్యూషన్స్ అనే ఇంకో కంపెనీ దాదాపు అదే పేరుతో చిరునామాలు తీసుకుంది. కేసు బెంగళూరు సివిల్ కోర్టులో మొదలై, కర్ణాటక హైకోర్టులో తిరగబడి, చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. 2004 మే నెలలో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు ఇచ్చింది. వెబ్ చిరునామాకు కూడా వ్యాపార చిహ్నానికి ఉన్న లక్షణాలు ఉండవచ్చని, ఒకరి పేరును తనదిగా చలామణీ చేసుకోకుండా ఆపే న్యాయం దీనికీ వర్తిస్తుందని చెప్పింది. అది గడువు తీరిన పేరు కేసు కాదు. కానీ అందులోని పాఠం మనకూ పనికొస్తుంది. ముందు కట్టినవాడిదే పేరు అని కళ్లు మూసుకుని అనడానికి లేదు.

డాట్ కామ్, డాట్ ఆర్గ్ తగవులకు కోర్టు కాకుండా ఇంకో దారి కూడా ఉంది. 1999లో ఐకాన్ పెట్టిన పరిష్కార విధానం అది. ఫిర్యాదు చేసినవాళ్లు మూడు విషయాలు రుజువు చేయాలి. ఒకటి, తమకు హక్కున్న వ్యాపార చిహ్నంతో ఆ పేరు అచ్చంగా గానీ, తికమక పెట్టేంత దగ్గరగా గానీ ఉండాలి. రెండు, ఇప్పుడు పెట్టుకున్నవాళ్లకు ఆ పేరు మీద న్యాయమైన ఆసక్తి ఉండకూడదు. మూడు, దురుద్దేశంతో తీసుకుని, దురుద్దేశంతో వాడుతూ ఉండాలి. మూడూ కలిసి ఉంటేనే పేరు చేతులు మారుతుంది. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ సంస్థ నడిపే విధానం వేరు. అక్కడ మూడో అంశంలో తీసుకోవడం గానీ, వాడడం గానీ, ఏ ఒక్కటి దురుద్దేశంతో ఉన్నా చాలు.

మన సంగతి ఈ మూడింటితో కొలిచి చూడండి. ఆ పేరులో ఉన్నది మన ఊరు, మన బడి. అది అన్నగారి వ్యాపారం పేరు కాదు. మనం ఆ బడి పిల్లలం, బడి పని కోసమే వాడుతున్నాం, అమ్ముకోవాలని తీసుకోలేదు. నాకు తెలిసినంతలో ఆయన ఫిర్యాదు నిలవడం కష్టం.

అంతా చట్టమే అయితే నేను ఇక్కడితో కూర్చోవచ్చు. కానీ ఒక ప్రశ్న మిగిలి ఉంది. ఆ పాత చిరునామాను నమ్మి ఇంకా వచ్చేవాళ్లు ఎవరు?

1999 క్రిస్మస్ రోజుల్లో హాట్‌మెయిల్ చాలామందికి తెరుచుకోలేదు. కారణం, మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ చిరునామాకు 35 డాలర్ల రుసుము కట్టడం మరిచిపోయింది. మైకేల్ చేనీ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అది గమనించి, తన కార్డుతో ఆ రుసుము కట్టేశాడు. కంపెనీ తర్వాత అతనికి 500 డాలర్ల చెక్కు పంపింది. ఆ కంపెనీ అంటే అతనికి ప్రేమ ఉండి కట్టలేదు. లక్షలమంది ఉత్తరాలు ఆ ఒక్క చిరునామా మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి కట్టాడు.

మన పేరుకూ అలాంటి బరువు ఉంది. ఆ పేరుతో అన్నగారికి, ఆయన స్నేహితులకు ఈమెయిళ్లు ఉండేవి. పేరు మన చేతికి వచ్చింది కాబట్టి, తలచుకుంటే ఆ ఈమెయిళ్లకు వచ్చే ఉత్తరాలన్నీ మనం తెరిపించుకోగలం. వాటిలో బ్యాంకు ఉత్తరాలు ఉండవచ్చు, పాస్‌వర్డు మార్చే లింకులు ఉండవచ్చు, ఫీజు కోసం ఏ పిల్లవాడో రాసుకున్న విన్నపం ఉండవచ్చు. పోస్ట్‌మాన్ పొరపాటున పాత అద్దెవాళ్ల కవరు మన ఇంట్లో వేస్తే చింపి చదవం కదా. ఇక్కడా అంతే. ఆ పెట్టెలు మనం తెరవకూడదు. తెరవలేదని ఆయనకు రాసి చెప్పాలి.

రెండోది, ఫోటోలూ వ్యాసాలూ. కౌలు తీరితే పొలం చేయి మారుతుంది గానీ, పాత రైతు బండీ ఎడ్లూ మనవి అయిపోవు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పాత వెబ్ పేజీల నకళ్లు దాచి ఉంచుతుంది. అన్నగారి సైటు పేజీలు కొన్ని అక్కడ కనిపిస్తున్నాయి. వాటిని దింపి మన సైటులో పెట్టేద్దామని కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారు. ఆయన అనుమతి లేకుండా అది చేయకూడదు. పేరు గడువు తీరినంత మాత్రాన రాసినవాళ్ల హక్కు, ఫోటో తీసినవాళ్ల హక్కు పోదు.

ఇలాంటి తగవుల్లో నేను చూసే కొలత ఇది. అడిగినవాళ్ల పని ఇప్పటికీ ఆ పేరు మీదే నడుస్తుంటే, ఉదాహరణకు ఒక డాక్టరు గారి క్లినిక్కో, ఒక పచ్చళ్ల వ్యాపారమో, జనం వాళ్ల కోసమే ఆ చిరునామాకు వస్తుంటే, ఖర్చులు తీసుకుని తిరిగి ఇచ్చేయడం మంచిది. చట్టం కూడా చాలావరకు అటే మొగ్గుతుంది. పేరు అందరూ వాడే మామూలు మాట అయి, వదిలేసి ఏళ్లు గడిచాక, ఇప్పుడు ధర పలుకుతుందని అడుగుతుంటే ఇవ్వనక్కర్లేదు. మనది ఈ రెండింటికీ నడుమ ఉంది. పేరు ఆయన సొంతం కాదు, ఈ కమిటీ సొంతమూ కాదు, బడిది. కానీ పన్నెండేళ్ల శ్రమ మాత్రం అచ్చంగా ఆయనది.

జవాబు రాసేముందు జాగ్రత్తలు కొన్ని చెబుతాను. ఇవి రేపు మీ సొంత వ్యాపారాల్లోనూ పనికొస్తాయి.

అడిగినవాళ్లు నిజంగా పాత యజమానేనా అని ముందు చూసుకోవాలి. పాత ఈమెయిలు నుంచి రాయమనడం కుదరదు, ఆ పెట్టె ఇప్పుడు మన చేతిలోనే ఉంది. పాత రెన్యువల్ రసీదు ఒకటి పంపమనాలి. యజమానినని చెప్పుకుని పేరు కొట్టేసే మోసగాళ్లు ఉన్నారు.

మొదటి ఉత్తరంలో ధర రాయకూడదు. "రెండు లక్షలిస్తే ఇస్తాం" అని కోపంలో ఒక ముక్క రాస్తే, అమ్ముకోవడానికే తీసుకున్నారనడానికి అదే సాక్ష్యం అవుతుంది. అయిన ఖర్చు మేరకు అడగడం వేరు.

తగవు నడుస్తుండగా పేరును ఇంకొకరికి మార్చకూడదు, సైటులో ఆయన మీద ఒక్క మాట రాయకూడదు. రసీదులు, తేదీలు, ఉత్తరాలు ఒక ఫైలులో పెట్టాలి. ఐకాన్ విధానం కింద ఫిర్యాదు వస్తే జవాబుకు ఇచ్చే గడువు 20 రోజులే. అప్పుడు వకీలును కలవాలి.

ఇవ్వాలని నిర్ణయిస్తే రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఇవ్వాలి. బదిలీకి వాడే రహస్య కోడ్‌ను ఫోనులో చెప్పకూడదు.

ఇక మన జవాబు. నేను ఒక ముసాయిదా రాసుకొచ్చాను, సభ సరిదిద్దవచ్చు.

"అన్నగారికి నమస్కారం. మీ ఉత్తరం అందింది. ఈ పేరు విడుదలయ్యాక, బడి స్వర్ణోత్సవాల కోసం సంఘం తీసుకుంది. దీన్ని ఎవరికీ అమ్మే ఉద్దేశం లేదు. మీ పాత ఈమెయిళ్లకు వచ్చే ఉత్తరాలు మేం చూడలేదు, చూడం. మీరు కోరితే ఏడాదిపాటు అవి నేరుగా మీరు చెప్పిన చిరునామాకు చేరేలా ఏర్పాటు చేస్తాం. పన్నెండేళ్లు మీరు కూడబెట్టిన ఫోటోలు, వ్యాసాలు మీ పేరుతోనే, మీ అనుమతితోనే మళ్లీ అందరికీ కనిపించాలని మా కోరిక. పేరు ఏ ఒక్కరి చేతిలోనూ కాక సంఘం చేతిలో ఉంటేనే బడికి క్షేమమని మేం అనుకుంటున్నాం. దీని మీద మీతో మాట్లాడాలని ఉంది. మీకు వీలైన సమయం చెప్పండి."

ఇందులో "మీకు హక్కు లేదు" అన్న మాట ఎక్కడా లేదు. అది ఆయనకు తెలియజేయడానికి మనకు ఉత్తరం అక్కర్లేదు. మనకు కావలసింది ఆయన దగ్గరున్న ఆల్బమ్, ఆయన స్నేహం.

చివరిగా మన ఇల్లు చక్కబెట్టుకుందాం. ఇవాళ ఈ పేరు మన కోశాధికారి గారి సొంత ఖాతాలో, ఆయన సొంత ఈమెయిలు మీద ఉంది. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ అన్నగారు కూడా నిజాయితీపరుడే. పేరు పోయింది నిజాయితీ లోపించి కాదు, ఒక్క మనిషి ఈమెయిలు, ఒక్క మనిషి కార్డు మీద ఆధారపడినందుకు. అందుకని మూడు తీర్మానాలు కోరుతున్నాను. పేరు సంఘం పేరు మీదకు మారాలి. 10 ఏళ్లకు ఒకేసారి కట్టి, గడువు తేదీ మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయాలి. హెచ్చరికలు వెళ్లే ఈమెయిలు ఇద్దరు ముగ్గురు బాధ్యులు చూసేదిగా ఉండాలి. కమిటీ మారినప్పుడు తాళాల గుత్తితోపాటు ఆ పాస్‌వర్డు కూడా అప్పగించాలి.

ముసాయిదా మీద అభిప్రాయాలు చెప్పండి. మాస్టార్లు ముందు మాట్లాడితే బాగుంటుంది, అన్నగారికీ వారే పాఠం చెప్పారు.