చేతి కండ కరగుట – నాడీ పరీక్ష



మన సెంటినరీ కాలనీలోను, గోదావరిఖనిలోను చేతిపనిమీద బ్రదుకువారే పెక్కండ్రు. గనికప్పునకు బోల్టు బిగించు కార్మికునకైనను, జొన్నరొట్టె చరచు ఇల్లాలికైనను చేతిబలమే యాధారము. బొటనవ్రేలి మొదటి ఉబ్బెత్తు కండ క్రమముగా కరగి, గుండీ పెట్టుకొనుటయే కష్టమై, ముంజేతి లోపలి ప్రక్క తిమ్మిరి యెక్కినచో, లోప మెచ్చట నున్నదని వెదకవలెను? మణికట్టుననా, మెడపూసల సందుననా, లేక ఆ రెంటి నడుమనా?

ఆ నడిమి వ్యాధినే వైద్యులు నాడీసంబంధమైన థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అందురు. పుట్టుకతో వచ్చిన అదనపు మెడప్రక్కటెముకగాని, దానినుండి సాగిన నారపట్టీగాని చేతికి దిగు నాడులలోని క్రిందికట్టను ఒరయుట దీనికి కారణము. ఇది మిక్కిలి అరుదు, స్త్రీలలో నెక్కువ. 1970లో గిలియట్టును, ఆయన సహచరులును ఇట్టి చేతులను పరీక్షించి దీని లక్షణములను వివరించిరి. ఇచట నాడి యనగా వైద్యుడు పట్టి చూచు నాడి కాదు, మెదడు వార్తను మోయు తంతువు. రెంటికి నొకే మాట యగుట మన భాషకు గల చిక్కు.

పరీక్ష రెండు విధములు. చర్మముపై స్వల్ప విద్యుత్తు తగిలించి, నాడి యిచ్చు సమాధానపు పరిమాణమును, వేగమును కొలుతురు. పిమ్మట సన్నని సూదిని కండలో గ్రుచ్చి, అందలి విద్యుత్సంకేతములను చూతురు. కొంచెము నొప్పి కలదు, ఓర్వదగినదే.

ఈ వ్యాధిలో బొటనవ్రేలి కండ సమాధానము క్షీణించును. కాని అదే మీడియన్ నాడిలో చూపుడువ్రేలి స్పర్శ మాత్రము చెడదు. ఏలయన ఆ స్పర్శతంతువులు పైకట్టలనుండి వచ్చును. చిటికెనవ్రేలి స్పర్శయు, ముంజేతి లోపలి చర్మనాడియు మాత్రము తగ్గును. లోపము మణికట్టున నున్నచో చూపుడువ్రేలి స్పర్శయే మందగించును. మెడపూసల యొద్ద వేరు నలిగినచో మరియొక వింత: చర్మము మొద్దుబారినను యంత్రమునకు స్పర్శ సమాధానము చక్కగా నుండును. స్పర్శనాడికి ప్రాణమైన కణము ఒత్తిడికి వెలుపలి వైపున నుండుటచే, చేతికి వచ్చు తంతువు చెడిపోదు.

కావున ముంజేతి చర్మనాడిని రెండు చేతులందును పోల్చి చూచుట ముఖ్యము. సాధారణ పరీక్షలో దీనిని విడచుట కలదు. రోగి యడుగుట తప్పు కాదు. మణికట్టు జబ్బని భ్రమించి అచ్చట కోసినచో కండ కరగుట యాగదు. చిరకాలము కరగిన కండ, సరియైన శస్త్రచికిత్స తరువాతను పూర్తిగా తిరిగి వచ్చుట యరుదు.

ఇంకొక మాట. కండ కరగక, నొప్పి మాత్రమే గల పెక్కుమందికి ఈ పరీక్షలు నిర్దోషముగా వచ్చును. అట్టివారి వ్యాధినిగూర్చి వైద్యులలోనే భేదాభిప్రాయము కలదు. ఆ కాగితమును చూపి, కార్మికుడు పని తప్పించుకొనుటకు నటించుచున్నాడనుట న్యాయము కాదు.

హైదరాబాదు నిమ్స్ వంటి చోట్లకు పరీక్షకు పోవువారు మెడ ఎక్స్‌రేను వెంట తీసికొనిపోవలెను. అందు ఎముక కానవచ్చును, నారపట్టీ కానరాదు. చేతులకు నూనె రాచుకొనరాదు. గుండెలో పేస్‌మేకరున్నను, రక్తము పలుచబరచు మందు వాడుచున్నను ముందే చెప్పవలెను.