పట్టు గలీబు: జుట్టుకు ఎంత, చర్మానికి ఎంత?

 

ఈ మధ్య చర్మవైద్యులమైన మా దగ్గరికి వచ్చేవాళ్లు మందులతోపాటు మరో సంగతి కూడా అడుగుతున్నారు. "మేడమ్, దిండుకు పట్టు గలీబు వేసుకుంటే జుట్టు రాలదట, మొటిమలు తగ్గుతాయట, ముడతలు పడవట, నిజమేనా?" అని. ఈ ప్రశ్న బ్యూటీషియన్లైన మీకూ కొత్త కాదు. మా దగ్గరికి ఏడాదికోసారి వచ్చే మనిషి మీ దగ్గరికి నెలనెలా వస్తుంది, మీరు చెప్పింది నమ్ముతుంది. అందుకే ఈ సభలో మాట్లాడటానికి ఈ విషయాన్నే ఎంచుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నునుపైన గలీబు వల్ల జుట్టుకు కొంత మేలు ఉంది. చర్మానికి ఉందంటున్న లాభాల్లో చాలావాటికి గట్టి ఆధారం లేదు. జుట్టుకు జరిగే ఆ మేలుకైనా పట్టే కావాలని లేదు.

పట్టు అంటే దారం, శాటిన్ అంటే నేత. పట్టుపురుగు గూటి నుంచి తీసిన ప్రోటీన్ దారం పట్టు. పడుగు, పేక ప్రతిచోటా ఒకదాన్నొకటి దాటకుండా, ఒక దారం నాలుగైదు దారాల మీదుగా తేలి వెళ్లేలా నేస్తే అది శాటిన్. దారాలు పొడుగ్గా పైకి తేలడం వల్లే దానికి ఆ నునుపూ, ఆ మెరుపూ. ఈ నేతను పట్టుతో నేయవచ్చు, నూలుతో నేయవచ్చు, పాలిస్టర్‌తోనూ నేయవచ్చు. బజారులో తక్కువ ధరకు దొరికే శాటిన్ చాలావరకు పాలిస్టరే.

ఇక జుట్టు సంగతి. వెంట్రుక పైపొర మీద సన్నని పొలుసులు పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. వాటి అంచులు చివరి వైపు తిరిగి ఉంటాయి. కుదురు నుంచి చివరికి వేళ్లు జారిస్తే నున్నగా ఉండే వెంట్రుక, చివరి నుంచి కుదురుకు జారిస్తే గరుకుగా తగిలేది అందుకే. రాత్రంతా తల అటూ ఇటూ దొర్లుతుంటే జుట్టు బట్టకు రెండు వైపులా రాసుకుంటుంది. పొలుసులు లేస్తాయి, చిక్కులు పడతాయి, చివర్లు చిట్లుతాయి. వెంట్రుక కుదురు దగ్గర ప్రాణమున్నదే గానీ, పైకి కనిపించే భాగం నిర్జీవం. అరిగిన పొలుసు మళ్లీ పుట్టదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుము దాకా జడ ఉన్న అమ్మాయి జుట్టు చివర వయసు ఆరేడేళ్లు. అన్నేళ్ల రాపిడి ఆ చివరే భరించాలి.

అందుకే పొడవైన జుట్టుకు, ఉంగరాల జుట్టుకు, రంగు వేసిన లేదా స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టుకు నునుపైన బట్ట నిజంగా పనికొస్తుంది. అమెరికాలోని నల్లజాతి స్త్రీలు తరతరాలుగా రాత్రిపూట తలకు పట్టు గుడ్డో శాటిన్ టోపీయో కట్టుకుని పడుకుంటున్నారు. బిగుతైన ఉంగరాల జుట్టులో మాడు మీది నూనె చివరి దాకా జారదు, అందువల్ల అది త్వరగా పొడిబారి తెగుతుంది. ఆ ఇబ్బందిని అనుభవంతో ఎరిగి వాళ్లు కనుక్కున్న ఉపాయమది.

జుట్టు రాలడం మాత్రం వేరే సంగతి. రాపిడి వల్ల వెంట్రుక మధ్యలో తెగుతుంది, కుదుళ్లతో ఊడదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. అంతకు మించి రాలుతుంటే రక్తహీనత, థైరాయిడ్, కాన్పు, ఈ మధ్య వచ్చిన టైఫాయిడ్ లేదా డెంగీ జ్వరం వంటి కారణాలు వెతకాలి. కుదుళ్లతో రాలుతున్న జుట్టుకు గలీబు అమ్మితే ఆ మనిషికి చేయించుకోవలసిన రక్తపరీక్ష ఆలస్యమవుతుంది. ఆ పొరపాటు మన చేతుల మీదుగా జరగకూడదు.

ఇప్పుడు చర్మం. ముడతలతో మొదలుపెడతాను. నిద్రలో పడే ముడతల గురించి 2016లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్లు ఆన్సన్, కేన్, లాంబ్రోస్ ఒక విపులమైన వ్యాసం రాశారు. పక్కకో బోర్లానో పడుకున్నప్పుడు తల బరువుకు ముఖం నలిగి ఈ గీతలు పడతాయి. నవ్వినప్పుడూ నొసలు ముడిచినప్పుడూ పడే గీతల కంటే ఇవి వేరు. బట్ట నునుపైతే చర్మం కాస్త జారుతుందేమో గానీ, తల బరువు ఎక్కడికీ పోదు. వెల్లకిలా పడుకోవడం అలవాటైతే ఆ మేలు ఏ గలీబూ చేయలేదు. పగటి ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ దాని కంటే పెద్ద మేలు.

పట్టు తేమను పీల్చుకోదు, కాబట్టి మీ క్రీము మీ ముఖం మీదే ఉంటుంది అనేది ఇంకో ప్రచారం. వస్త్రశాస్త్రపు ప్రామాణిక లెక్కల్లో 100 గ్రాముల పొడి నూలు గాలిలోంచి సుమారు 8 గ్రాముల తేమ పట్టుకుంటే, అంతే బరువు పట్టు సుమారు 11 గ్రాములు పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది అర గ్రాములోపే. కాబట్టి పట్టుకు తేమ అంటదన్న మాట తప్పు. క్రీము ఏ గుడ్డకైనా కొంత అంటుకుంటుంది. పడుకునే ముందు అరగంట వ్యవధి ఇచ్చి రాసుకోమని చెప్పండి, చాలు. ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతోంది. విజయవాడ, రామగుండం ఎండాకాలంలో పాలిస్టర్ శాటిన్ మీద ముఖం పెట్టి పడుకుంటే చెమట బట్టలోకి ఇంకదు, చర్మం మీదే నిలుస్తుంది. మొటిమలున్నవాళ్లకు అది మంచిది కాదు. ఆ ఊళ్లలో శాటిన్ నేత నేసిన నూలు గలీబే నయం.

ఎగ్జిమాకు పట్టు మంచిదన్న మాటకు పరీక్ష కూడా జరిగింది. బ్రిటన్‌లో ఏడాది నుంచి 15 ఏళ్ల వయసున్న 300 మంది ఎగ్జిమా పిల్లలను తీసుకుని, కొందరికి మామూలు చికిత్సతోపాటు ఒంటికి పట్టు దుస్తులు కూడా ఇచ్చి ఆరు నెలలు చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మామూలు చికిత్స ఇచ్చే మేలుకు పట్టు చెప్పుకోదగినంతగా ఏమీ జోడించలేదు. ఒంటినిండా పట్టు తొడిగితేనే ఇంత అయినప్పుడు, చెంపకు మాత్రమే తగిలే గలీబు మీద పెద్ద ఆశలు పెట్టుకోవడం తగదు.

మన ఇళ్లలో మొటిమలకూ దిండుకూ ఉన్న అసలు సంబంధం నూనె. కొబ్బరినూనె జుట్టుకు మంచిదే. జుట్టులోని ప్రోటీన్ నష్టాన్ని అది తగ్గిస్తుందని ముంబయికి చెందిన రేలే, మొహిలే 2003లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. కానీ తలనిండా నూనె పెట్టుకుని పడుకుంటే అది గలీబుకు పడుతుంది, గలీబు నుంచి నుదుటికీ చెంపలకూ అంటి రంధ్రాలను పూడుస్తుంది. తలకు రాసే జిడ్డు పదార్థాల వల్ల నుదుటి మీద మొటిమలు వస్తాయని చర్మవైద్యులు 1970లోనే వర్ణించారు. నూనె పెట్టిన రాత్రి దిండు మీద ఉతికిన తువ్వాలు పరచడం, గలీబును వారానికి ఒకసారైనా మార్చడం పట్టు గలీబు కంటే ఎక్కువ పని చేస్తాయి. దుమ్ము పురుగుల వల్ల తుమ్ములూ ఆయాసమూ వచ్చేవాళ్లు గలీబును 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఆ వేడిని నూలు తట్టుకుంటుంది, పట్టు తట్టుకోదు.

అయినా పట్టే కావాలనేవాళ్లకు సరైన సరుకు ఎంచుకోవడం నేర్పండి. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ముద్ర చూడమనండి. అనుమానముంటే అంచులోంచి ఒక దారం లాగి కాల్చి చూడమనండి. పట్టు కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మరకలు తీసే ఎంజైములున్న డిటర్జెంట్లు ప్రోటీన్‌ను తినేస్తాయి, పట్టు కూడా ప్రోటీనే. మన అమ్మమ్మలు పట్టుచీరలకు వాడిన కుంకుడు రసమే గలీబుకూ మంచిది. ఉతికాక నీడన ఆరేయాలి.

ధర్మవరం చీరను ఎవరూ మందని కొనరు, అందంగా ఉందని కొంటారు. గలీబునూ అలాగే అమ్మండి. మెత్తగా ఉంటుంది, చిక్కులు తగ్గుతాయి అని చెప్పండి, అది నిజం. తడి జుట్టుతో పడుకోవద్దని, వదులుగా జడ వేసుకుని పడుకోమని చెప్పండి. వీటికి పైసా ఖర్చు లేదు. మొటిమలు తగ్గుతాయని, జుట్టు రాలదని మాత్రం దయచేసి మాట ఇవ్వకండి. మీ కుర్చీలో కూర్చునే ప్రతి ఆడపిల్లా మీ మీద పెట్టుకున్న నమ్మకం ఏ గలీబు మీద వచ్చే లాభం కంటే పెద్దది. దాన్ని కాపాడుకోండి.