యంత్రాన్ని అడుగుతూ ఇంగ్లీషు నేర్చుకోవడం



మా అక్కకూతురు ఉండేది హోసూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. మూడూ దానికి నీళ్ళప్రాయమే. ఇంగ్లీషు మాత్రం పరీక్ష పేపరు దాటి బయటికి రాలేదు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళుగా ఒక కొట్టులో లెక్కలు రాస్తోంది. నిరుడు ఒక మంచి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలని సెల్‌ఫోనులో చాట్‌జీపీటీని అడిగింది. 2022 నవంబరులో జనంలోకి వచ్చిన ఈ యంత్రం సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. అడిగిందే తడవుగా పెద్ద పెద్ద మాటలతో ఉత్తరం రాసిచ్చింది. ఇంటర్వ్యూకి పిలుపూ వచ్చింది. అక్కడ ఆ ఉత్తరంలోనే ఒక మాట చూపించి "దీని అర్థమేమిటమ్మా?" అన్నారట. పిల్ల నోరు పెగలలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

యంత్రానికి మనం రాసిచ్చే పురమాయింపును ప్రాంప్ట్ అంటారు. "రాసిపెట్టు" అంటే రాసిపెడుతుంది, మనకు వచ్చేదేమీ ఉండదు. అందుకని ఆ పిల్లచేత పద్ధతి మార్పించాను. ముందు తనకు వచ్చిన ఇంగ్లీషులోనే ఐదు వాక్యాలు రాయాలి. కింద ఇలా చేర్చాలి: "నా వాక్యాలు తిరగరాయవద్దు. తప్పున్న చోటు చూపించు. కారణం తెలుగులో చెప్పు. నేను దిద్దుకుని మళ్ళీ పంపుతాను." ఈ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయలేకపోతే తెలుగులోనే రాయండి, దానికి తెలుస్తుంది.

మొదటి వాక్యంలోనే దొరికిపోయింది. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" అని రాసింది. మీరైనా, నేనైనా అలాగే రాస్తాం. ఎందుకంటే మనం "సోమవారం నుంచి" అన్నా, "రెండేళ్ళ నుంచి" అన్నా ఆ "నుంచి" ఒకటే. ఇంగ్లీషులో అలా కుదరదు. మొదలైన రోజు చెబితే "సిన్స్", గడిచిన కాలం చెబితే "ఫర్". పైగా "పనిచేస్తున్నాను" అన్న మన మాటకు అక్కడ "ఐ హావ్ బీన్ వర్కింగ్" అనాలి. బడిలో పదేళ్ళు విన్నా పట్టుబడనిది, తన వాక్యంలోనే తప్పు కనబడేసరికి పట్టుబడింది.

పురమాయింపు వివరంగా ఉండాలి. "అంకుల్‌కి ఉత్తరం" అంటే మేనమామకో, చిన్నాన్నకో, పక్కింటాయనకో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఎవరికి, ఏ పనిమీద, ఎంత మర్యాదగా, ఎన్ని వాక్యాల్లో అన్నది మీరే చెప్పాలి. అది చెప్పడానికి మాటలు వెతుక్కోవడమే సగం ఇంగ్లీషు పాఠం. ఒక్కొక్కప్పుడు తప్పు కూడా ధీమాగా చెబుతుంది సుమండీ. అనుమానం వస్తే శంకరనారాయణ నిఘంటువు తిరగెయ్యండి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు మాత్రం దానికి ఇవ్వకండి.

మొన్న ఆ పిల్ల నాకు ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాసింది. మూడు చోట్ల "ది" పడిపోయింది. మన భాషలో అలాంటివి లేవు కదా! యంత్రానికి చూపించకుండానే పోస్టు చేసిందట.