కొండ మీది కొమ్మ పేరేమిటి?



ఈరోజు మన మాట ఒక కొమ్మ గురించి.

మొన్న రాత్రి బడికి ఒక అక్క ఈ కొమ్మ తెచ్చింది. ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. బాలింత స్నానానికి వావిలాకు కావాలి. కొడుకు రాళ్ల గుట్టకు పోయి మోపెడు ఆకు కోసుకొచ్చాడు. "ఇది వావిలేనా టీచరమ్మా?" అని అక్క అడిగింది. నాకూ తెలియలేదు.

తెలియనప్పుడు ఏం చేయాలి? తొందరపడి వాడకూడదు. రుచి చూడకూడదు. గురివింద గింజ చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుంది! కానీ అది విషం. అందుకే ముందు గుర్తులు చూడాలి. మేమందరం దీపం చుట్టూ కూర్చుని చూశాం.

మొదటిది, చోటు. వావిలి వాగుల గట్టున పెరుగుతుంది. ఈ కొమ్మ నీళ్లు లేని రాళ్ల గుట్టది.

రెండోది, ఆకు. వావిలికి ఒకే తొడిమకు మూడు గానీ అయిదు గానీ ఆకులుంటాయి, చేతివేళ్ల లాగా. ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. దీనికి విడివిడి ఆకులు. సన్నగా, పొడవుగా, నిగనిగలాడుతున్నాయి. లేతాకు పట్టుకుంటే జిగురు.

మూడోది, కాయ. దీని కాయకు కాగితం లాంటి మూడు రెక్కలున్నాయి. ఎండితే గాలికి ఎగురుతుంది. వావిలి కాయ మిరియం లాగా గుండ్రంగా ఉంటుంది.

ఇది వావిలి కాదని తేలిపోయింది. మరి ఏమిటి?

వెనక కూర్చున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది. "ఇది బందారు కదే! చిన్నప్పటి నుంచి పొయ్యిలోకి కొట్టుకొచ్చేదాన్ని" అంది. ఆ అవ్వకు అక్షరాలు ఇంకా తడబడతాయి. కానీ ఆ రాత్రి మా అందరికీ ఆమే టీచరు.

తర్వాత నేను పుస్తకం చూశాను. అవ్వ మాట నిజమే. కొన్ని చోట్ల దీన్ని బందేడు అంటారు. తమిళులు విరాలి అంటారు. శాస్త్రం పెట్టిన పేరు డోడోనియా విస్కోసా. విస్కోసా అంటే జిగురుగా ఉండేది అని. మన కుంకుడు చెట్టు, ఇది ఒకే కుటుంబం. ఊరు మారితే పేరు మారుతుంది, గుర్తులు మారవు.

ఇంకో మాట. గుట్ట మీద మట్టి కొట్టుకుపోకుండా బందారు వేళ్లు పట్టి ఉంచుతాయి. పొయ్యికి కొమ్మలు నరకండి. వేరుతో పెకలించకండి.

ఆ అక్క మర్నాడు వాగు గట్టు నుంచి అసలు వావిలాకు తెచ్చుకుంది. అవ్వ పలక తీసుకుంది. బం, దా, రు అని మూడు అక్షరాలు రాసింది.

మీరూ రేపు ఒక్కో ఆకు తీసుకురండి. నోటుబుక్కులో అంటించండి. ఎక్కడ దొరికిందో, పేరేమిటో కింద రాయండి. తెలిసింది రాసి పెడితే మన పిల్లలకు మిగులుతుంది.

సెలవు.